తాళం తప్పిందెవరు?

"నాకు సంగీతం రాదులే అమ్మా!" అంటూ మా అమ్మాయి కీబోర్డు మీద గుడ్డ కప్పేసింది.

పదేళ్ల పిల్ల. సరళీ స్వరాలు, అలంకారాలు దాటి గీతాల దాకా వచ్చింది. అమ్మమ్మ పుట్టినరోజుకి ఒక గీతం రికార్డు చేసి పంపుదామనుకున్నాం. కీబోర్డుని వైరుతో లాప్‌టాప్‌కి కలిపి, మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో వీణ నాదం ఎంచుకున్నాం. ఎన్నిసార్లు వాయించినా తాళం జారిపోతోంది. "మనసెక్కడ పెట్టావే?" అని కసురుకున్నాను. నాలుగోసారికి దాని కళ్లలో నీళ్లు.

ఆ రాత్రి దాని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నేనే వాయించి చూశాను. మీట నొక్కిన కాసేపటికి గానీ స్వరం వినిపించడం లేదు! చెవి దానికోసం ఎదురుచూస్తుంటే వేలు వెనకబడక ఏం చేస్తుంది?

మర్నాడు, రికార్డింగ్ స్టూడియోలో పనిచేసే మా అన్నయ్య కొడుక్కి ఫోన్ చేశాను. "తాళం తప్పింది పిల్ల కాదత్తా, కంప్యూటర్!" అని నవ్వాడు.

సీట్లు నిండందే షేర్ ఆటో కదలదు కదా! ఇదీ అంతేనట. కంప్యూటర్ ఒక సెకను శబ్దాన్ని మామూలుగా 44,100 ముక్కలు చేస్తుంది. వాటిని కొన్నికొన్నిగా పోగుచేసి, ఒక్కో విడతగా బయటికి పంపుతుంది. ఆ పోగు పేరు 'బఫర్'. అది 1024 ముక్కలదైతే, నిండడానికి సెకనులో వెయ్యోవంతులు 23 పడతాయి. 128 అయితే మూడే! దారిలో డ్రైవరు, ఇయర్‌ఫోన్లు చేసే ఆలస్యం దీనికి అదనం.

అతను చెప్పినట్టు మేం చేసినవి ఇవీ:

* బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసేసి, వైరున్నవి పెట్టాం. బ్లూటూత్ ఒక్కటే సెకనులో పదోవంతుకు పైగా ఆలస్యం చేయగలదు.
* మాది విండోస్ కాబట్టి, ఆడియో సెట్టింగుల్లో మామూలు డ్రైవరు బదులు 'ఆసియో' డ్రైవరు పెట్టాం. స్టెయిన్‌బర్గ్ కంపెనీ 1997లో తెచ్చిన పద్ధతిది. మ్యాక్ ఉన్నవారికి ఈ బెడద లేదు.
* బఫర్‌ని 1024 నుంచి 128కి తగ్గించాం. చిటపటలు వినిపిస్తే కంప్యూటర్ అందుకోలేకపోతోందని అర్థం. అప్పుడు 256 చేయాలి.
* తెరిచి ఉన్న మిగతా ప్రోగ్రాములన్నీ మూసేశాం.
* రికార్డింగ్ అయ్యాక బఫర్‌ని మళ్లీ పెంచేశాం. ఆ తర్వాతి మెరుగులకి ఆలస్యం అడ్డుకాదు.

ఇవేవీ కుదరకపోతే తేలిక ఉపాయం ఇంకోటుంది. సాఫ్ట్‌వేర్ నాదాన్ని ఆపేసి, కీబోర్డు సొంత స్పీకరు వింటూ వాయిస్తే చాలు. ఏ మీటలు ఎప్పుడు నొక్కారన్నది కంప్యూటర్ రాసుకుంటుంది. నాదం తర్వాత మార్చుకోవచ్చు.

అన్నీ సర్దాక, "తప్పు నాదేనే, ఊరికే తిట్టాను" అని ఒప్పుకున్నాను. అది కాసేపు బిగుసుకు కూర్చుంది. తర్వాత గుడ్డ తీసి, "అయితే నువ్వు పక్కన కూర్చుని తాళం వెయ్యి" అంది.

వేశాను. ఈసారి ఒక్క అక్షరం జారలేదు.