పాత సాలని ఫోన్‌తో ఎలా తీయాలి? టెక్కలి నుంచి భావనపాడు దాకా ఒక రైడ్

బీచ్ ఫొటోలు మనం చాలా తీశాం. ఈరోజు పాత సాలల గురించి. సాల అంటే పశువుల్ని కట్టే పాక. మట్టిగోడలు, తాటి దూలాలు, పైన తాటాకు, అటక మీద వరిగడ్డి. ఉద్దానం వైపు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి.

ఇదే ఎందుకంటే, ముందు నా సంగతి చెప్తాను. మా అమ్మమ్మగారి ఊళ్లో పెద్ద సాల ఉండేది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ గాలికి కొబ్బరిచెట్టు మీద పడి సాల కూలిపోయింది. తర్వాత మావయ్య రేకుల షెడ్డు వేశాడు. ఆయన్ని తప్పుపట్టలేం. తాటాకు కప్పేవాళ్లు దొరకాలి, కొన్నేళ్లకోసారి మార్చాలి, ఎవరి వల్ల అవుతుంది? కానీ ఫోన్ అంతా వెతికితే ఆ సాల ఫొటో ఒక్కటీ లేదు. ఒక్కదాంట్లో కొత్త బైక్ మీద నేనున్నాను, నా భుజం వెనకాల కొంచెం చూరు కనిపిస్తుంది. అంతే.

సరే, దారికి వద్దాం. టెక్కలిలో తెల్లారకముందే బయల్దేరి, హైవే వదిలి నౌపడా వైపు రండి. ఉప్పుమడుల్లో నీళ్లుంటే ఆకాశం మొత్తం కింద కనిపిస్తుంది. చలికాలమైతే దగ్గర్లోనే తేలినీలాపురం, పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు గూళ్లు కట్టే ఊరు. అక్కడ హారన్ కొట్టకండి, డ్రోన్ అసలు వద్దు. భావనపాడు పక్కనే మూలపేటలో పోర్టుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు, కాబట్టి లారీలు చూసుకుని నడపండి. సముద్రం చూశాక పూండి మీదుగా వజ్రపుకొత్తూరు వైపు వెళ్తే జీడితోటలు, కొబ్బరితోటలు. సాలలు వెతకాల్సింది అక్కడే. మెయిన్ రోడ్డు మీద కాదు, ఊరి వెనకాల, కళ్లాల పక్కన.

ఇప్పుడు ఫోన్. మొదట లెన్స్ తుడవండి. సముద్రపు గాలికి దాని మీద ఉప్పుతడి పొరలా పడుతుంది, ఫొటో మసకగా వచ్చేది అందుకే. తర్వాత, ఈ తీరంలో పాత ఇళ్లకి, పాకలకి చూరు బాగా కిందికి దించి కడతారు. మత్స్యకారుల చుట్టిళ్లు చూడండి, గోడే గుండ్రం. గాలి ఎదురుగా కొట్టడానికి చదునైన గోడ ఉండదు, పక్కలనుంచి జారిపోతుంది. చూరు కిందికుంటే లోపలికి గాలి దూరి కప్పు లేపేసే అవకాశం తక్కువ. బాగానే ఉంది, కానీ మన ఫొటోకి అదే కష్టం: బయట ఎండ, లోపల చీకటి. స్క్రీన్ మీద చూరు అంచు దగ్గర వేలు నొక్కి పట్టుకోండి, ఫోకస్ లాక్ అవుతుంది, వెలుతురు కొంచెం తగ్గించండి. తాటాకు ఒక్కో రెమ్మా తెలుస్తుంది. లోపలిది విడిగా తీయండి, గుమ్మంలో ఎండకి వీపు పెట్టి, కళ్లు చీకటికి అలవాటుపడ్డాక.

అల్ట్రావైడ్ వాడకండి. అంచుల్లో గోడలు వాలిపోయినట్టు వస్తాయి. అసలే వాలిన గోడ! నాలుగడుగులు వెనక్కి నడవండి, సరిపోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా తిరుగుతాడు, అప్పుడు ఉత్తరపు గోడకి ఎండ రాదు. తూర్పు గోడని ఉదయం ఏడింటికి తీస్తే మట్టి మీద పూసిన చేతివేళ్ల గుర్తులు కూడా కనిపిస్తాయి. మొత్తం సాల ఒకటి, తర్వాత దూలం కట్టు, పలుపుతాడు వేసే గుంజ, గోడలో దీపపు గూడు. ఇవి వదలొద్దు.

అడక్కుండా మాత్రం తీయకండి. "తాతా, మీ సాల ఫొటో తీసుకోనా?" అంటే చాలు. ఒకాయన నాతో, "ఈ పాకని ఏటి తీస్తావు బాబూ, మా డాబా తియ్యి" అన్నారు. డాబా కూడా తీశాను. తర్వాత రెండూ ప్రింట్ వేయించి తీసుకెళ్లి ఇచ్చాను. డాబా ఫొటో పక్కన పెట్టేసి, సాల ఫొటో పట్టుకుని చాలాసేపు దూలాలు లెక్కపెట్టారు. "ఇది మా అయ్య ఎక్కించాడు" అని ఒకదాని మీద వేలు పెట్టి, మనవడికి పంపాలి, ఇంకోటి తెమ్మన్నారు. వచ్చే ఆదివారం ఆ రెండోది ఇవ్వడానికి వెళ్తున్నాను.