పాత కారు వెనుక బ్రేకులు: డ్రమ్ము తీసి డిస్కు వేయవచ్చునా?



ఇంట్లో పాత అంబాసిడరు కారో, పాత జీపో ఉన్నవారికి ఎప్పుడో ఒకప్పుడు ఒక ఆలోచన రాక మానదు. “వెనుక చక్రాలకున్న డ్రమ్ము బ్రేకులు తీసేసి, కొత్త కార్లకున్నట్టు డిస్కు బ్రేకులు వేయిస్తే బండి గట్టిగా ఆగుతుంది గదా!” అని. ఆలోచన చెడ్డది కాదు. కాని డబ్బు ఖర్చు పెట్టే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవలెను. ఎద్దు మొరాయిస్తే ఆ పూట పని ఆగుతుంది. బ్రేకు మొరాయిస్తే మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. జాతీయ రహదారి విశాలంగా ఉంటుంది గనుక వేగం మనకు తెలియకుండానే పెరుగుతుంది. దారి పక్కన ఊళ్ళున్నవి. గొర్రెల మంద అడ్డం రావచ్చు, పక్క దారి నుంచి ట్రాక్టరు ట్రాలీ తిరగవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి వెళ్ళేలోగానే ఆ దూరం గడిచిపోతుంది. వేగం రెండింతలైతే, బ్రేకు పడిన తరువాత ఆగడానికి పట్టే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు. ఇక గిద్దలూరు దారిలో నల్లమల ఘాటు దిగేటప్పుడు బ్రేకు విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఈ రెండు రకాల బ్రేకులకూ తేడా ఏమిటో చూద్దాం. డ్రమ్ము అంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప గిన్నె. దాని లోపల రెండు షూలుంటాయి. పెడలు తొక్కితే అవి బయటికి తెరుచుకొని గిన్నె గోడను లోపలి నుంచి అదుముతాయి. డిస్కు పని వేరు. సైకిలు బ్రేకు వేస్తే రెండు రబ్బరు ముక్కలు చక్రపు రిమ్మును రెండు వైపులా పట్టుకుంటాయి గదా, అదే పద్ధతి. రిమ్ముకు బదులు ఇక్కడ ఇనుప పళ్ళెం ఉంటుంది, అంతే. ఇది కొత్త సంగతి కూడా కాదు. ఇంగ్లండులో లాంచెస్టరు అనే ఇంజనీరు 1902 లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. 1953 లో ఫ్రాన్సు దేశపు లెమాన్ పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వారు కారు గెలిచిన తరువాత వాటికి పేరు వచ్చింది.

డిస్కు గాలికి తెరిచి ఉంటుంది గనుక త్వరగా చల్లారుతుంది. డ్రమ్ములో వేడి లోపలే నిలుస్తుంది. పైగా వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది. అందుకే ఘాటులో పదే పదే బ్రేకు వేస్తే పెడలు కిందికి దిగిపోతుంది. వానాకాలంలో వంక దాటితే డ్రమ్ములోకి నీళ్ళు, బురద చేరుతాయి. డిస్కు మీది నీటిని అది తిరిగే వేగమే విసిరికొడుతుంది. ఇవి డిస్కు గుణాలు.

అయితే అసలు సంగతి ఇక్కడ ఉంది. బ్రేకు వేయగానే మనం ముందుకు తూలుతాం గదా! బండి బరువు కూడా అలాగే ముందుకు ఒరుగుతుంది. ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టుకుంటాయి, వెనుక చక్రాలు తేలికపడతాయి. కనుక బండిని ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. వెనుక ఎంత గట్టి బ్రేకు వేసినా, తేలికపడిన చక్రం ఇంకా త్వరగా బిగిసి జారుతుందే గాని బండి ముందుగా ఆగదు. వెనుక చక్రాలు ముందే బిగిస్తే బండి తోక పక్కకు తిరుగుతుంది. తడి రోడ్డు మీద ఇది చాలా ప్రమాదం. అంబాసిడరు తరువాతి మోడళ్ళలో కంపెనీవారు ముందు చక్రాలకు డిస్కులిచ్చి, వెనుక డ్రమ్ములనే ఉంచినారు. మీ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉంటే, డబ్బు ముందు చక్రాలకు పెట్టడమే తెలివైన పని.

ముందు డిస్కులు ఉన్నవి, వెనుక కూడా వేయించాలనే పట్టుదల ఉన్నది అనుకోండి. అప్పుడు నాలుగు విషయాలు మెకానిక్కును గట్టిగా అడగండి.

మొదటిది హ్యాండు బ్రేకు. అంబాసిడరుకు అది వెనుక డ్రమ్ములోనే పనిచేస్తుంది. డ్రమ్ము తీస్తే హ్యాండు బ్రేకూ పోతుంది. కాబట్టి హ్యాండు బ్రేకు తీగ తగిలించుకొనే వీలున్న క్యాలిపరే వేయాలి. పాత జీపులు చాలావాటిలో ఈ బ్రేకు గేర్ల పెట్టె వెనుక షాఫ్టు మీద ఉంటుంది గనుక ఆ చిక్కు లేదు.

రెండవది మాస్టరు సిలిండరు. క్యాలిపరు పిస్టను పెద్దది, దానికి నూనె ఎక్కువ కావాలి. పాత సిలిండరు చాలకపోతే పెడలు అడుగంటుతుంది. డ్రమ్ము లైనులో కొంత ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు ఉంటే దాన్ని తీయాలి. లేకపోతే ప్యాడ్లు డిస్కును వదలక రాసుకుంటూ వేడెక్కుతాయి.

మూడవది సమతూకం. వెనుకకు పోయే ఒత్తిడిని తగ్గించే వాల్వు పెట్టి, ముందు చక్రాల తరువాతనే వెనుకవి బిగిసేటట్టు ఖాళీ మైదానంలో పరీక్షించవలెను.

నాలుగవది బిగింపు. క్యాలిపరును పట్టి ఉంచే బ్రాకెట్టు ఆ యాక్సిలు కొలతకు తయారైనదై ఉండాలి. ఏదో రేకు ముక్క కోసి వెల్డింగు పెడితే, గట్టిగా బ్రేకు వేసిన రోజునే అది ఊడుతుంది.

చట్టం మాట కూడా వినండి. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకూ తయారీదారు మొదట ఇచ్చినదానికీ తేడా వచ్చేటట్టు బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. కాలి బ్రేకు, నిలిపి ఉంచే బ్రేకు రెండూ బండికి ఉండి తీరవలెను. పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఇన్సూరెన్సువారికీ చెప్పండి.

ఇంత ఖర్చుకు దిగేముందు, ఉన్న డ్రమ్ములను ఒకసారి విప్పించి చూడండి. చాలాసార్లు జబ్బు అక్కడే బయటపడుతుంది. లైనింగు అరిగి ఉంటుంది. చక్రం సిలిండరు కారి షూల మీద నూనె పడి ఉంటుంది. డ్రమ్ము గుండ్రం తప్పి ఉంటుంది. ఎడమ, కుడి షూల సర్దుబాటు సమంగా లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది. లోపలి దుమ్మును నోటితోగాని, గాలి పైపుతోగాని ఊదవద్దు. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండేది, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవండి.

బ్రేకు నూనెను రెండేళ్ళకొకసారి మార్చండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన నూనె ఘాటులో వేడికి మరిగి ఆవిరైతే, పెడలు తొక్కినా బ్రేకు పడదు. పొరపాటున కూడా అందులో ఇంజను నూనె పోయవద్దు. రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. వంక దాటిన వెంటనే వెనుక బండ్లేవీ లేకుండా చూసుకొని, మెల్లగా పోతూ బ్రేకును తేలికగా రెండు మూడుసార్లు నొక్కితే డ్రమ్ములు ఆరుతాయి. ఘాటు దిగేటప్పుడు కింది గేరులోనే దిగండి. సగం భారం ఇంజనే మోస్తుంది.

కనుక వరుస గుర్తుంచుకోండి. ఉన్న బ్రేకులను బాగు చేసుకోవడం మొదటి పని. ముందు చక్రాలకు డిస్కులు రెండవది. వెనుక డిస్కులు ఆ తరువాతి మాట. ఈ వరుస తప్పకుండా నడుచుకొంటే మీ డబ్బూ దక్కుతుంది, బండిలో కూర్చున్న పిల్లాజెల్లా క్షేమంగా ఇల్లు చేరుతారు.