నాలుగు ముక్కలైన యంత్రం

దూది తడిని ఇట్టే పీలుస్తుంది, నొక్కితే అంత తేలిగ్గానూ వదిలేస్తుంది. కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగానందం చేసిన తొలి శానిటరీ ప్యాడ్లు అక్కడే ఓడిపోయాయి. 1998లో పెళ్లయిన కొత్తలో, భార్య శాంతి ముట్టు రోజులకు పాత గుడ్డలు దాచుకోవడం ఆయన చూశాడు. ప్యాడ్లు కొంటే ఇంటికి పాలు తగ్గించుకోవాలంది ఆమె. దూది కొని తానే చేసిచ్చాడు. వాడి చూసిన ఆడవాళ్లు గుడ్డే నయమన్నారు. చివరికి ఫుట్‌బాల్ బ్లాడర్‌లో మేక రక్తం నింపి నడుముకు కట్టుకుని, సైకిలు తొక్కుతూ తన మీదే పరీక్షించుకున్నాడు. ఊరు అసహ్యించుకుంది. భార్య, తల్లి వదిలి వెళ్లారు.

రెండేళ్లకు పైగా వెతికాక తేలింది: కంపెనీ ప్యాడ్లలో ఉన్నది దూది కాదు, పైన్ కలప గుజ్జులోని సెల్యులోజ్ పీచు. ద్రవం ఆ పీచు సందుల్లో చిక్కుకుంటుంది, ఒత్తిడి పడ్డా తొందరగా బయటికి రాదు. కానీ ఆ గుజ్జు గట్టి పలకలుగా వస్తుంది. పలక నుంచి ప్యాడ్ దాకా చేసే విదేశీ యంత్రాల ఖరీదు కోట్లలో ఉండేది.

ఆయన పడ్డ కష్టాన్ని 2018లో ‘ప్యాడ్‌మ్యాన్’ సినిమా చూపింది. నాకు అంతకన్నా గొప్పగా తోచేది ఆ తర్వాతి ఆలోచన. ఆ పెద్ద యంత్రం చేసే పనిని ఆయన నాలుగు చిన్న పనులుగా విడదీశాడు. మొదటి చిన్న యంత్రం వంటింటి మిక్సీలా తిరిగి పలకను మెత్తటి పీచుగా చేస్తుంది. రెండోది ఆ పీచును ప్యాడ్ ఆకారంలో నొక్కుతుంది. తర్వాత పల్చటి నాన్‌వోవెన్ గుడ్డ చుట్టి అంచులు అతికించాలి. చివరగా అతినీలలోహిత కాంతిలో పెట్టి క్రిములను చంపాలి. ఏ పనికీ ఇంజినీరు అక్కర్లేదు. చెడిపోతే ఏ భాగం చెడిందో కంటికే కనిపిస్తుంది. అప్పట్లో మొత్తం ఖర్చు లక్ష రూపాయల లోపే ఉండేది.

ఈ యంత్రాన్ని పెద్ద కంపెనీలకు కాకుండా, మన డ్వాక్రా సంఘాల వంటి మహిళా బృందాలకు అమ్మాడు. నాకు ఇదే కీలకమనిపిస్తుంది. దుకాణంలో మగవాణ్ణి ప్యాడ్ అడగలేని పిల్ల, తయారుచేసే అత్తనో అక్కనో అడగగలదు, ఎలా వాడాలో కూడా తెలుసుకోగలదు. ఉత్తరప్రదేశ్‌లోని హాపుర్ జిల్లా కాఠీఖేడా మహిళలు ఇలాగే చేసి, తమ ప్యాడ్లకు ‘ఫ్లై’ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల మీద తీసిన డాక్యుమెంటరీకి 2019లో ఆస్కార్ వచ్చింది.

అయితే ప్యాడ్ దొరికితేనే సరిపోదు, దాన్ని నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. రోజంతా ఒక్కటే ఉంచుకుంటే చర్మం ఒరుసుకుని పుండు కావచ్చు. మార్చుకోవడానికి బడిలో గొళ్లెం పడే మరుగుదొడ్డి, అందులో నీళ్లు, వాడింది వేయడానికి మూత ఉన్న డబ్బా కావాలి. ఇవి పంచాయతీ, ప్రభుత్వం సమకూర్చాల్సినవి.