పొట్టి కాళ్లే బలం: ఆల్ప్స్ కొండల జాడజాగిలం

వేటకుక్క అనగానే పొడవైన కాళ్లు, మెరుపు వేగం స్ఫురిస్తాయి. మన దేశపు రాజపాలయం, ముధోల్ జాగిలాలు అందుకు నిదర్శనాలు. ఇందుకు భిన్నంగా, ఆస్ట్రియాలోని ఆల్ప్స్ పర్వత ప్రాంతాల్లో రూపుదిద్దుకున్న ఆల్పైన్ డాక్స్‌బ్రాకె జాతికి పొట్టి కాళ్లే బలం.

భుజం వద్ద దీని ఎత్తు 34 నుంచి 42 సెంటీమీటర్లు మాత్రమే. దృఢమైన ఎముకలు, దట్టమైన రెండు పొరల బొచ్చు దీని ప్రత్యేకతలు. జర్మన్ భాషలో ‘డాక్స్’ అంటే బొరియల్లో నివసించే బ్యాడ్జర్ అనే జంతువు; ‘బ్రాకె’ అంటే వాసన పట్టి వేటాడే జాగిలం. హాబ్స్‌బర్గ్ యువరాజు రుడాల్ఫ్ 1881, 1885 సంవత్సరాల్లో ఈజిప్టు, టర్కీ వేటయాత్రలకు ఈ జాగిలాలను వెంట తీసుకువెళ్లాడు. ఆస్ట్రియా శునక సంఘాలు 1932లో దీనిని ప్రత్యేక జాతిగా గుర్తించాయి.

కుందేలు, నక్కల వేటలోనూ ఉపయోగించే ఈ జాగిలం ప్రధాన బాధ్యత మాత్రం వేరు. తూటా తగిలిన జింక ఒక్కోసారి అక్కడికక్కడే పడిపోదు; గాయంతోనే అడవిలోకి పారిపోతుంది. దానిని త్వరగా కనుగొనకపోతే గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి నరకయాతన అనుభవిస్తుంది. ఆ జాడను వెతికి పట్టడమే ఈ జాగిలం పని. అందువల్లనే అంతర్జాతీయ శునక సమాఖ్య దీనిని పట్టీతో నడిపించే జాడజాగిలాల విభాగంలో చేర్చింది.

పొడవైన పట్టీకి కట్టిన జాగిలం ముక్కును నేలకు ఆనించి ముందుకు సాగుతుంది. రక్తపు చుక్కలనే కాదు, గిట్టల మధ్య గ్రంథుల నుంచి నేలకు అంటిన వాసనను, చెదరిన మట్టి వాసనను కూడా పసిగడుతుంది. శరీరం నేలకు దగ్గరగా ఉండటంతో పొదల కింద నుంచి సులభంగా దూరిపోతుంది. నడక నెమ్మది కనుక నిటారైన వాలుల్లోనూ మనిషి దాని వెంట నడవగలడు.

ఈ పొట్టితనానికి మూలం జన్యువుల్లో ఉంది. డాక్స్‌హండ్, బాసెట్ హౌండ్ వంటి జాతుల్లో ఎఫ్‌జీఎఫ్4 జన్యువుకు అదనపు నకలు ఉండటమే కాళ్ల ఎముకలు కురచబారడానికి కారణమని 2009లో అమెరికా శాస్త్రవేత్తలు వెల్లడించారు. అయితే పొట్టితనాన్ని కేవలం అందం కోసం అతిగా పెంచితే ప్రమాదమే. డాక్స్‌హండ్లలో తరచుగా కనిపించే వెన్నుపూస సమస్యలే ఇందుకు హెచ్చరిక.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. వేటకు అనుమతి ఉన్న ఆస్ట్రియాలో, గాయపడిన మూగజీవిని యాతనకు వదిలివేయరాదన్నది వేటగాడు పాటించవలసిన నియమం. ఆ నియమం కొండవాలుల్లో అమలు కావడానికి ఈ పొట్టి జాగిలమే ఆసరా.