నేలమీద ఏమరుపాటు.. నింగిలో ముప్పు

నాగార్జునసాగర్: సాగర్ చుట్టుపక్కల పల్లెలవారికి చిన్న శిక్షణ విమానాల మోత కొత్త కాదు. 2022 ఫిబ్రవరి 26న ఇక్కడి రన్‌వే నుండి లేచిన ఒక శిక్షణ విమానం నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి వద్ద పొలాల్లో కూలిపోయి, ఒంటరిగా నడుపుతున్న యువతి మరణించింది. ఆ ప్రమాద కారణాలను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే పైలట్ చదువు మీద మన పల్లెల పిల్లలకూ మోజు పెరిగిన ఈ రోజుల్లో, విమానం లేవకముందు నేలమీద జరిగే పొరపాట్లను గురించి అందరూ తెలుసుకోవలసి ఉంది.

ట్రాక్టరు తోలేవాడు పొద్దున్నే డీజిలు, ఆయిలు చూసుకుంటాడు. బండి కట్టేవాడు కడచీల తడిమి చూస్తాడు. మరచిపోతే ట్రాక్టరు చాలులో ఆగుతుంది, బండి బాటలో ఒరుగుతుంది. విమానానికి గాలిలో ఆగే చోటు లేదు. అందుకే ఎగిరే ప్రతిసారీ విమానం చుట్టూ తిరిగి, చేత్తో తాకి, కంటితో చూసి, పట్టీలోని అంశాలను ఒక్కొక్కటిగా సరిచూడాలి.

తాళం తీయని విమానం

ఈ పట్టీ పుట్టుకకు కారణం ఒక దుర్ఘటనే. 1935 అక్టోబరు 30న అమెరికాలోని డేటన్ వద్ద నాలుగు ఇంజన్ల బోయింగ్ 299 విమానం పరీక్ష కోసం లేచింది. నిలిపి ఉంచినప్పుడు గాలికి తోక రెక్కలు కొట్టుకోకుండా వేసే తాళం తీయడం మరచారు. విమానం నిటారుగా లేచి, వేగం తగ్గి, కూలి కాలిపోయింది. అనుభవంలో పేరుమోసిన ఇద్దరు పైలట్లు ప్లోయర్ హిల్, లెస్లీ టవర్ ప్రాణాలు కోల్పోయారు. జ్ఞాపకశక్తిని నమ్ముకోకుండా, రాసిన పట్టీ చూసి తనిఖీ చేసే పద్ధతి ఆ తర్వాతనే స్థిరపడింది.

అయినా పాఠం అందరికీ వంటబట్టలేదు. 2014 మే 31న అమెరికాలోనే బెడ్‌ఫోర్డ్ వద్ద ఒక జెట్ విమానం అదే విధమైన తాళం తీయకుండా పరుగు తీసి ఏడుగురిని బలిగొన్నది. ఆ పైలట్లు అంతకుముందు 175 సార్లు విమానం లేపగా, 98 శాతం సార్లు ఆ తనిఖీ పూర్తిగా చేయలేదని దర్యాప్తులో తేలింది. ఇన్నిసార్లు ఏమీ కాలేదుగదా అన్న ధీమాయే కొంప ముంచింది.

పెట్రోలులో నీరు

శిక్షణకు వాడే సెస్నా వంటి విమానాల్లో పెట్రోలు ట్యాంకులు రెక్కల్లో ఉంటాయి. ముల్లు చూపే లెక్కను నమ్మి ఊరుకోరాదు. పైకెక్కి, మూత తీసి, కడ్డీతో కొలవాలి. మూత సరిగా బిగించకపోతే వాన నీరు దిగుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి తేమ చేరుతుంది. నీరు బరువు కనుక అడుగుకు చేరుతుంది. అందుకే అడుగు నుండి కొద్దిగా చిన్న గాజు కప్పులోకి పట్టి చూడాలి. సాధారణంగా వాడే విమానం పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుంది. కప్పులో వచ్చినదంతా నీరే అయితే మధ్య గీత కనబడక మంచి పెట్రోలేనని పొరబడవచ్చు. రంగు, వాసన రెండూ చూడాలి.

పురుగు గూడు కూడా శత్రువే

విమానం వేగం తెలిపేది బయట ఉన్న ఒక సన్నని గొట్టం. దాని తొడుగు తీయడం మరచినా, లోపల పురుగులు గూడు పెట్టినా వేగం తప్పుగా కనిపిస్తుంది. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ తీరంలో బిర్గెన్ ఎయిర్ విమానం సముద్రంలో కూలి 189 మంది మరణించారు. చాలా రోజులు నిలిపి ఉంచిన ఆ విమానం గొట్టంలో మట్టి కందిరీగ గూడు కట్టి ఉంటుందని దర్యాప్తు అధికారులు భావించారు.

సీటు కొక్కెం సరిగా పడిందో లేదో చూడకపోవడం మరో పొరపాటు. పరుగులో సీటు వెనక్కి జారితే పైలట్ చేతిలోని చక్రాన్ని కూడా వెనక్కి లాగేస్తాడు. విమానాన్ని లాగే ఇనుప కడ్డీని ముందు చక్రానికే వదిలి ఇంజను తిప్పడమూ ప్రమాదమే.

ఎవరు చూసినట్లు?

శిక్షణలో మరో చిక్కు ఉంది. గురువుగారు చూశారులెమ్మని శిష్యుడు, శిష్యుడు చూశాడులెమ్మని గురువు అనుకుంటారు. చివరికి ఎవరూ చూడరు. తనిఖీ మధ్యలో ఎవరైనా పలకరించినా, ఫోను మోగినా ఒకటి రెండు అంశాలు దాటిపోతాయి. అలాంటప్పుడు మొదటి నుండి తిరిగి ప్రారంభించడమే మేలు. నిద్ర చాలకపోయినా, జ్వరం మందు మింగి ఉన్నా ఆ రోజు విమానం ఎక్కరాదు.

మన దేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఫీజు లక్షల్లో ఉంటుంది. పొలం తాకట్టు పెట్టి పంపిన తండ్రికి గంటలు త్వరగా పూర్తికావాలన్న ఆత్రం సహజం. ఆ ఆత్రం బిడ్డ మీద పడితే ఆ బిడ్డ తనిఖీలో తొందరపడే ప్రమాదముంది. కనుక ఫోనులో ఎన్ని గంటలయిందని అడిగే తల్లిదండ్రులు, అన్నీ చూసుకునే ఎక్కుతున్నావా అని కూడా అడగాలి. ఏదో తేడాగా ఉంది, ఈ రోజు ఎగరలేదు అని బిడ్డ చెబితే మందలించక, మంచి పని చేశావని మెచ్చుకోవాలి.