తూనీగల జాడ

ఫిల్మ్‌నగరునకు సినిమాతారలను చూడవచ్చువారు పెక్కుమంది. దానికి చేరువనే జూబిలీహిల్స్‌లో బండరాళ్లతోను ముండ్లపొదలతోను నిండిన చిట్టడవి యొకటి కలదు. అది 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానమైనది. దాని వైశాల్యము సుమారు 390 ఎకరములు. అచ్చట తూనీగల కొరకు వెదకువారు కొలదిమందియే.

తూనీగను వెదకదలచినవారు మొదట నీటిని వెదకవలెను. తల్లి తూనీగ నీటిలో గాని, నీటిమొక్కల కాడలలో గాని గ్రుడ్లు పెట్టును. పుట్టిన పిల్లపురుగుకు రెక్కలుండవు, అందమును ఉండదు. కాని వేటలో అది మిక్కిలి నేర్పరి. ముఖము క్రింద మడచియుంచుకొన్న పెదవిని రెప్పపాటులో ముందునకు చాచి, దోమల పిల్లపురుగులను పట్టి తినును. పెద్దజాతి తూనీగల పిల్లలైనచో, అపాయము కలిగినపుడు వెనుకభాగమునుండి నీటిని చిమ్మి, ఆ యూపుతో ముందునకు దూసికొనిపోవును. పలుమారులు చర్మము విడిచి, తుదకొకనాడు గడ్డిపరక నెక్కి, వీపు చీల్చుకొని రెక్కలతో వెలువడును. పాము కుబుసమువంటి ఆ పొర పరకకు అంటియుండును. నేర్పుగల పరిశీలకులు దానినే వెదకుదురు. ఎగురుచున్న తూనీగ ఎచ్చటినుండియైన వచ్చియుండవచ్చును గదా! పొర కనబడినచో, అది ఆ నీటనే పెరిగినదనుటకు సందేహములేదు.

తూనీగలలో ప్రధానముగా రెండు తెగలు కలవు. లావుపాటివి వాలినపుడు రెక్కలను ఇరుప్రక్కలకు చాచియుంచును. సూదివలె సన్ననివి చాలవరకు వానిని వీపుమీదికి చేర్చుకొనును. వాని కన్నులును ఎడమెడముగా నుండును.

వానకారున మైదానములపై గుంపులుగా ఎగురు పసుపువన్నె తూనీగను ఎరుగని పిల్లలుండరు. దానికి వాననీటి గుంటయే చాలును. గుంట ఎండిపోకమునుపే, ఒకటి రెండు మాసములలో, పిల్ల ఎదిగి ఎగిరిపోవలెను. ఈ జాతివి ఏటేట అక్టోబరు ప్రాంతమున మాల్దీవులకు వేలకొలదిగా వచ్చుటను చార్లెస్ ఆండర్సన్ అను శాస్త్రజ్ఞుడు గమనించెను. ఆ దీవులపై నిలువయుండు మంచినీరు బహు స్వల్పము. కావున అవి అచ్చట పుట్టినవి కావు. అవి భారతదేశమునుండి బయలుదేరి, సముద్రముమీదుగా ఆఫ్రికాకు పోవుచున్నవని ఆయన 2009లో ప్రతిపాదించెను.

అంతటి ప్రయాణము చేయు ప్రాణికి తొలియిల్లు బండల నడుమనున్న చిన్న మడుగు. దోమలు పోవునని దానిని పూడ్చివేయువారు కలరు. దోమకు మడుగే కావలయునా? పూలకుండీ క్రింది పళ్లెములో నిలచిన నీటిలోనైనను అది వారము పది దినములలో పెరిగి ఎగిరిపోవును. తూనీగపిల్లకు మాత్రము, వానలు వెనుకబట్టిన పిమ్మటను నెలదినములైన ఆ మడుగు నిలువవలెను.