గాలి మీద నిలిచే బండి ఎందుకు కూలబడుతుంది?

పాతబడిన రేంజ్ రోవర్ యజమానుల గోడు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. రాత్రి ఆపినప్పుడు బండి నిటారుగానే ఉంది. తెల్లారి చూస్తే చక్రాల మీద చతికిలబడి ఉంది. ఇంజన్ స్టార్ట్ చేస్తే మెల్లగా పైకి లేస్తుంది. కొన్నాళ్లకు కంప్రెసర్ కాలిపోతుంది. కొత్తది బిగిస్తారు, అదీ ఎంతో కాలం నిలవదు. మెకానిక్ మోసం చేశాడనుకుంటారు గానీ, పాడైన భాగాన్నే అతను మార్చాడు. చిక్కల్లా ఏమిటంటే, చివర పాడైంది కంప్రెసర్. మొదట పాడైంది మరొకటి.

ఉక్కు స్ప్రింగు ఉండగా గాలి ఎందుకు? ఉక్కు స్ప్రింగు గట్టిదనం తయారీలోనే ఖాయమైపోతుంది. బండి ఖాళీగా ఉంటే ఎగరేస్తుంది, నిండుగా ఉంటే కుంగిపోతుంది. రబ్బరు సంచిలో బంధించిన గాలి అలా కాదు. బరువు పెరిగితే పీడనం పెంచవచ్చు. బండి ఎత్తు మారదు, స్ప్రింగు కూడా బరువుకు తగ్గట్టు గట్టిపడుతుంది. అందుకే గాలి స్ప్రింగు ముందుగా కుదురుకున్నది బస్సుల్లో. అమెరికాలో జనరల్ మోటార్స్ 1953లో తెచ్చిన పీడీ-4104 దూరప్రయాణపు బస్సు గాలి స్ప్రింగుల మీదే నడిచింది. మన దగ్గర గరుడ వోల్వో బస్సెక్కినవాళ్లకు ఆ మెత్తదనం తెలుసు. బస్సు ఆగినప్పుడు కింద వినపడే ‘ఉస్‌స్’ చప్పుడూ తెలుసు.

కార్ల దగ్గరికి వచ్చేసరికి కథ అంత సాఫీగా సాగలేదు. 1957లో కాడిలాక్ సంస్థ ఎల్డొరాడో బ్రోమ్ అనే అత్యంత ఖరీదైన కారుకు నాలుగు మూలలా గాలి స్ప్రింగులు పెట్టింది. అవి కారసాగాయి. చాలామంది యజమానులు వాటిని పీకించి మామూలు కాయిల్ స్ప్రింగులు వేయించుకున్నారు. మరుసటి ఏడాది షెవర్లే వంటి కార్లకూ ఈ సదుపాయం వచ్చింది కానీ ఎక్కువ కాలం నిలవలేదు. ఆలోచనలో లోపం లేదు. గాలిని రోజుల తరబడి బిగించి ఉంచగల రబ్బరూ సీళ్లూ, ఎత్తును క్షణక్షణం కొలిచి దిద్దగల ఎలక్ట్రానిక్స్ అప్పటికి అందలేదు.

1970లో స్పెన్ కింగ్ బృందం రూపొందించిన మొదటి రేంజ్ రోవర్‌కు ఉన్నవి కాయిల్ స్ప్రింగులే. 1992లో దాని పొడవాటి రకానికి ఎలక్ట్రానిక్ ఎయిర్ సస్పెన్షన్ వచ్చింది. 1994లో విడుదలైన రెండో తరం బండి ఆ పద్ధతినే పూర్తిగా సొంతం చేసుకుంది. ఔత్సాహికులు దాన్ని ఇప్పటికీ పీ38ఏ అనే పిలుస్తారు. ఇంగ్లండ్‌లోని సోలిహల్ కర్మాగారంలో ఆ పథకం నడిచిన భవనం సంఖ్య నుంచి వచ్చిన పేరు అది. 2001 దాకా తయారైన ఆ బండికి అయిదు ఎత్తులున్నాయి. ఎక్కి దిగేటప్పుడు మామూలు మట్టం కంటే 65 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, గతుకుల దారిలో 40 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, వేగం పుంజుకుంటే తనంతట తానే కాస్త తగ్గుతుంది. నేల ఎక్కడైనా బండిలో కూర్చున్నవాళ్లకు కుదుపు తెలియకూడదన్న పట్టుదల దాని ప్రతి భాగంలోనూ కనిపిస్తుంది. ఇంజనీరింగ్ పరంగా అది మెచ్చుకోవలసిన సాహసం.

లోపలి ఏర్పాటు చూద్దాం. ఇంజన్ పక్కన ఒక పెట్టెలో చిన్న కంప్రెసర్ ఉంటుంది. అది పీల్చిన గాలి తేమను పీల్చే గుళికలున్న డ్రయ్యర్ గుండా వెళ్లి, సుమారు 10 బార్ పీడనంతో ట్యాంకులో చేరుతుంది. అక్కడి నుంచి వాల్వ్ బ్లాక్ ఆ గాలిని సన్నని నైలాన్ గొట్టాల్లోంచి నాలుగు మూలలకూ పంచుతుంది. ప్రతి చక్రం దగ్గర ఒక సెన్సర్ ఎత్తు చెబుతుంది, కంప్యూటర్ లెక్క చూసి వాల్వులు తెరుస్తుంది. దిగేటప్పుడు బయటికి పోయే పొడి గాలి అదే డ్రయ్యర్ గుండా వెనక్కి వెళ్తూ గుళికల తేమను కొంత పట్టుకుపోతుంది. చక్కని ఉపాయం. అయితే ఇది పనిచేయాలంటే గాలి వచ్చిన దారినే పోవాలి.

పగిలిన సంచిలోంచో, పట్టు వదిలిన ఓ-రింగు దగ్గరో పోతే? ఆ గాలి డ్రయ్యర్‌ను తాకదు. లోపలికి వచ్చే తేమ మాత్రం ఆగదు. గుళికలు తడిసి ముద్దవుతాయి. పోయిన గాలిని నింపడానికి కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, వేడెక్కుతుంది, దాని పిస్టన్ సీలు అరిగిపోతుంది. తడి గాలి వాల్వ్ బ్లాక్‌లో చేరి తుప్పు రేపుతుంది, శీతల దేశాల్లోనైతే ఆ తేమ గడ్డకడుతుంది కూడా. అంటే రబ్బరు చుట్టలాంటి చిన్న ఓ-రింగు దగ్గర మొదలైన జబ్బు కంప్రెసర్ ప్రాణం తీస్తుంది. కంప్రెసర్‌ను మార్చి లీకును వదిలేస్తే కొత్తదానికీ అదే గతి.

మరి లీకు ఎక్కడ? సబ్బు నీళ్లు చల్లితే బుడగలు వస్తాయి, నిజమే. కానీ గాలి సంచుల పగుళ్లు ముడత పడే చోట మొదలవుతాయి. బండి కిందికి దిగి ఉన్నప్పుడు ఆ ముడత లోపలికి మడిచి ఉంటుంది, పగులు కంటికి ఆనదు. అందుకే బండిని పూర్తిగా పైకి లేపి, స్టాండ్లు పెట్టి చూడాలి. స్టాండ్లు లేకుండా గాలి మీద నిలిచిన బండి కిందికి దూరడం ప్రాణాపాయం. గొట్టాలు వాల్వ్ బ్లాక్‌లోకి దూరే చోట కూడా సబ్బు నీళ్లు పెట్టాలి. ఇంజన్ వేడికి అక్కడి ఓ-రింగులు గట్టిపడి పట్టు వదులుతాయి.

ఈ బండిలో ఇంకో మెలిక ఉంది. ఆపి ఉంచినా కంప్యూటర్ పూర్తిగా నిద్రపోదు. కొన్ని గంటలకొకసారి మేల్కొని, అన్నిటికంటే కిందున్న మూలకు సరిపోయేలా మిగతా మూడింటి గాలీ వదిలేస్తుంది. బండి ఒరిగి ఉండకూడదన్నది దాని ఉద్దేశం. ఫలితంగా ఒక మూల చేసిన తప్పుకు నాలుగు మూలలూ దిగుతాయి, దొంగ ఎవరో తెలియదు. అనుభవమున్న మెకానిక్‌లు ముందు కంప్యూటర్‌కు రాత్రి కరెంటు అందకుండా చేస్తారు. తరవాత చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచుదాకా నాలుగు కొలతలు రాసుకుంటారు. పొద్దున మళ్లీ కొలిస్తే దిగిన మూల బయటపడుతుంది.

దిగిన మూలలో సంచి పైకి బాగానే కనిపించిందనుకుందాం. అప్పుడు ఎడమ, కుడి గొట్టాలను వాల్వ్ బ్లాక్ దగ్గర తారుమారు చేసి మళ్లీ ఒక రాత్రి ఉంచుతారు. ఈసారి కూడా అదే మూల దిగితే జబ్బు సంచిలోనో గొట్టంలోనో ఉంది. అవతలి పక్క మూల దిగితే వాల్వ్ బ్లాక్ లోపలే ఉంది. ఆ లీకు లోలోపలే జరుగుతుంది, సబ్బు నీళ్లకు చిక్కదు. రెండు రాత్రుల ఓపికతో తేలే విషయమిది. ఈ ఓపిక లేక ఎన్ని మంచి కంప్రెసర్లు చెత్తకుప్పకు చేరాయో!

గాలి సంగతి తేలాక కూడా ఎత్తు సెన్సర్లు మిగులుతాయి. బండి ఎక్కువ కాలం మామూలు ఎత్తులోనే తిరుగుతుంది కాబట్టి సెన్సర్ లోపలి పట్టీ అక్కడే అరుగుతుంది. అది తప్పు లెక్క చెబితే కంప్యూటర్ కంగారుపడి తప్పును గుర్తులో ఉంచుకుని సస్పెన్షన్‌ను ఆపేస్తుంది. తెర మీద గంటకు 55 కిలోమీటర్లు దాటవద్దన్న హెచ్చరిక వస్తుంది. భాగం మార్చినా ఆ గుర్తును డయాగ్నస్టిక్ పరికరంతో చెరిపితే తప్ప బండి లేవదు. దీన్నే మరమ్మతు విఫలమైందనుకుని ఇంకో భాగం మార్చేవాళ్లున్నారు.

విసిగిన కొందరు 1957 నాటి కాడిలాక్ యజమానుల దారే పట్టి కాయిల్ స్ప్రింగుల కిట్ వేయిస్తారు. బండి కూలబడదు, నిజమే. కానీ అయిదు ఎత్తులూ పోతాయి, నిండు బరువుతో వెనక భాగం కుంగుతుంది, ఆ బండిని ఆ బండిగా చేసిన గుణమే మాయమవుతుంది. పీ38ఏ విషయంలో ఇది తొందరపాటే. సంచులు, ఓ-రింగులు, డ్రయ్యర్ గుళికలు, కంప్రెసర్ సీలు అన్నీ అరిగిపోయే సామాన్లే, విడిగా దొరికేవే. వరస ఒక్కటే ముఖ్యం: ముందు లీకు, తరవాత తేమ, ఆ తరవాతే కంప్రెసర్. ఈ వరసలో బాగుచేసిన కంప్రెసర్‌ను ట్యాంకు నిండాక గమనిస్తే చాలు. ఇంజన్ నడుస్తూ బండి కదలకుండా ఉన్నప్పుడు అది చాలాసేపు మౌనంగా ఉంటే లీకు పోయినట్టు. అయిదు నిమిషాలకోసారి తిరుగుతుంటే ఇంకో మూల వెతకాలి.